బడి పెత్తనము

మంచిర్యాల జిల్లా జైపూరు మండలమున సింగరేణి సంస్థవారి 1200 మెగావాట్ల విద్యుత్కేంద్రము కలదు. అందు ఇంజనీరు కావలెనన్న పెద్ద చదువు చదువవలయును. అచటి ప్రభుత్వ పాఠశాలపై పెత్తనము చేయుటకో, ఆ బడిలో బిడ్డ చదువుచుండిన చాలును!

2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే. మొత్తము సభ్యులలో సగమైనను స్త్రీలుండవలెను. బడి అభివృద్ధికి ప్రణాళిక వ్రాయుట, వచ్చిన ధనమెట్లు వ్యయమగుచున్నదో కనిపెట్టుట వీరి పని. వట్టి సంతకముల పదవియని కొందరందురు, అది పొరపాటు.

నాట్లకు పోవు తల్లి, వేలిముద్ర మాత్రమే వేయగలదైనను, ఈ ఎన్నికకు నిలువవచ్చును. ఆమెకు అడ్డు చదువు కాదు, ఆనాటి కూలి. కూలికే పోయెనా, బడిలో మంచినీరేదని అడుగవలసిన గొంతు పొలముననే ఉండిపోవును.