ఒడంబడిక – విడుచు హక్కు

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రమున క్యారీ అను పట్టణము కలదు. 2009లో అచ్చట శ్రీ వేంకటేశ్వరాలయము వెలసినది. అచ్చటి తెలుగువారిలో పలువురు సాఫ్ట్‌వేరు ఉద్యోగులు. వారి ఉద్యోగపు ఒడంబడికను మన పూర్వుల గిర్మిటుతో పోల్చి చూచుట పిల్లలకు మంచి పాఠము.

ఫిజీ గిర్మిటు ఐదేండ్లది. 1903 నుండి మద్రాసు ఓడలలో తెలుగువారును అచ్చటికి పోయిరి. గడువు తీరకమునుపు తోట విడిచిపోవుట నేరము. అందులకు చెరసాల శిక్ష. మారిషసులో ఒకనాడు పనికి రానిచో రెండునాళ్ల కూలి కోయుచుండిరి. ఫిజీలో మిగిలిన గిర్మిటులు 1920 జనవరి 1న రద్దయ్యెను.

క్యారీలో గడువు వ్రాసికొనని ఉద్యోగమును యజమాని గాని, ఉద్యోగి గాని ఎప్పుడైనను ముగింపవచ్చును. పని విడుచుట నేరము కాదు. కాని హెచ్-1బి వీసా ఒక యజమాని దరఖాస్తుపై లభించును. 2000 నాటి చట్టము వలన, క్రొత్త యజమాని దరఖాస్తు చేసినంతనే ఉద్యోగి అతనియొద్ద పనిలో చేరవచ్చును. పని పోయినవారికి 2017 నుండి గరిష్ఠముగా 60 దినముల వ్యవధి కలదు. ఆలోగా మార్గము దొరకనిచో ఇల్లు, పిల్లల బడి విడిచి స్వదేశమునకు మరలవలసి వచ్చును.

కావున ఈ రెండును ఒకటే యనుట పూర్వుల కష్టమును తగ్గించి చెప్పుట. పోలికయే లేదనుట నేటివారి బెంగను మరచుట. జీతమెంత, గడువెంత అను ప్రశ్నలతోపాటు, “విడిచినచో ఏమగును?” అని సంతకమునకు ముందే అడుగవలయును.