పిట్టగోడ లేని చేను

పాఠ్యభాగము: ద్వితీయోపదేశకాండము 22:8



ఈ నెల పాఠమునకు మేము ఎన్నుకొన్న వచనము ఇల్లు కట్టుకొనేవారికి ఇచ్చిన చిన్న ఆజ్ఞ. కొత్త ఇంటి మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టించాలి. కట్టించకపోగా ఎవరైనా పడి చనిపోతే ఆ రక్తాపరాధము ఆ ఇంటిమీదికి వస్తుంది. పడినవాడు చూసి నడవవద్దా అని ధర్మశాస్త్రము అడగలేదు. గోడ ఎందుకు లేదని యజమానినే అడిగింది.

ఈ మాట ఇప్పుడెందుకు? 1992 అక్టోబరు 2న కోరాపుట్ నుండి విడిపోయి రాయగడ జిల్లా ఏర్పడిన నాటికి ఈ కొండవాలులలో రాగులు, సామలు, కందులు కలిపి చల్లే సేద్యమే ఎక్కువ. తరువాత ప్రత్తి వ్యాపించింది, ప్రత్తి వెంట మందు డబ్బాలు వచ్చాయి. చేను చేయించే మనవారున్నారు, మందుల దుకాణం నడిపేవారున్నారు, కూలికి ట్యాంకు మోసేవారూ మనలో ఉన్నారు. ఎక్కువసార్లు ఆ ట్యాంకు కోదు, సవర కూలీల వీపుమీదనే ఉంటుంది.

మందు కొట్టి వచ్చినవాడు తల తిరుగుతోందంటే ఎండదెబ్బ అంటాము, పైత్యం చేసిందంటాము. ఒక నిమ్మకాయ నీళ్ళిచ్చి పడుకోమంటాము. చాలాసార్లు అది విషమే. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటి మందులు పురుగు నరాలను ఎలా పాడుచేస్తాయో మనిషి నరాలనూ అలాగే పాడుచేస్తాయి. నరము కండరానికి పంపే కబురు పని తీరగానే ఆగిపోవాలి. దానిని ఆపే ఎంజైమును ఈ మందు కట్టివేస్తుంది. అందుచేత చెమట, చొంగ, కన్నీరు ధారగా కారుతాయి, కంటిపాప సూదిమొనలా చిన్నదవుతుంది, కండరాలు అదురుతాయి, చివరకు ఊపిరి అందదు. నోటిలోకి పోలేదు కదా అని ధైర్యపడకూడదు. ట్యాంకు కారి చొక్కా తడిస్తే చర్మము గుండానే ఎక్కుతుంది.

2003లో ఆగస్టు నుండి డిసెంబరు వరకు మన దేశములోని మూడు గ్రామాలలో 50 మంది ప్రత్తి రైతు స్త్రీలు తమకూ తమ ఇంటి మగవారికీ మందు తగిలిన ప్రతిసారి ఏమైందో చెప్పగా పరిశోధకులు నమోదు చేశారు. మొత్తము 323 సందర్భాలు. నూటికి దాదాపు 84 సందర్భాలలో విషలక్షణాలు కనబడ్డాయి. నూటికి ఆరింటిలో అవి చాలా తీవ్రమైనవి, అయినా ఒక్కరూ వైద్యుని దగ్గరకు వెళ్ళలేదు. భూస్వాములకంటె చిన్న రైతులకే తీవ్రమైన విషబాధ ఎక్కువసార్లు కలిగింది. మేము ఆ లెక్క చదివినప్పుడు మమ్మును ఆపినది ఆ వెళ్ళకపోవడమే. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో ఇదే ప్రత్తి పంటకు మందు కొడుతూ ఇరవైమందికి పైగా చనిపోయారు.

అయితే చేనికి పిట్టగోడ ఏది? మొదటిది, తక్కువసార్లు కొట్టించడమే. దుకాణదారుడు చెప్పాడని రెండు మూడు మందులు కలిపి కొట్టించకూడదు. మందు కలపడము కొట్టడముకంటె ప్రమాదము, ఎందుకంటే డబ్బాలోనిది చిక్కటి విషము. తరచుగా ఆ పని ఆడకూలీలమీద పడుతుంది, చేత్తోనే కలిపేస్తారు. కర్ర, చేతి తొడుగులు యజమానియే ఇవ్వాలి. నాజిల్ అడ్డుపడితే నోటితో ఊదనివ్వకండి. గాలికి ఎదురుగా, మిట్టమధ్యాహ్నము కొట్టించకండి. ఈ ఎండలలో రబ్బరు కోటు ఎవడు తొడుగుతాడని అడుగుతారు, నిజమే. పొడుగు చేతుల చొక్కా, పని కాగానే సబ్బుతో స్నానము, ఆ బట్టలు వేరుగా ఉతకడము మాత్రము ఎవరికైనా సాధ్యమే.

1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టము కింద 1971లో వచ్చిన నిబంధనలు పిచికారీ చేసేవారికి రక్షణ దుస్తులు ఉండాలని చెబుతున్నాయి. డబ్బాపై ఉన్న రంగు గుర్తులో ఎరుపు అన్నిటికంటె విషము, తరువాత పసుపు, నీలము, చివర ఆకుపచ్చ. కువి, సవర మాట్లాడే కూలీకి ఆ చీటీ తెలుగులో ఉన్నా ఒరియాలో ఉన్నా ఒకటే. చదివి చెప్పడము మన పని. ఖాళీ డబ్బాలో నూనె, నీళ్ళు పోయవద్దు. 2013లో బీహారులోని సారణ్ జిల్లా పాఠశాలలో మోనోక్రోటోఫాస్ కలిసిన నూనెతో వండిన భోజనము తిని 23 మంది పిల్లలు చనిపోయారు.

ఒకవేళ మనిషి పడిపోతే బట్టలు విప్పి, సబ్బునీటితో కడగండి. కడిగేవారు తమ చేతులు కాపాడుకోవాలి. వాంతి చేయించవద్దు, పాలు పట్టవద్దు. తెల్లవారేదాకా ఆగకుండా 108కు ఫోను చేయండి. డబ్బా తప్పక వెంట తీసుకువెళ్ళండి, దానిని చూస్తేనే డాక్టరుకు ఏ మందో తెలుస్తుంది. ఈ జాతి మందులకు అట్రోపిన్ అనే విరుగుడు ఉంది, ఆలస్యమైతే అదీ చాలకపోవచ్చు. 1954లో డేనిష్ వైద్యురాలు ఎలిజబెత్ మాడ్సెన్ మొదలుపెట్టిన బిస్సంకటక్ క్రైస్తవ ఆసుపత్రి గాని, కోరాపుట్ వైద్య కళాశాల ఆసుపత్రి గాని, ఏది దగ్గరైతే అక్కడికి.

ఇంకొక మాట. కట్టుబడిన ఎంజైము తిరిగి సమకూడడానికి వారాలు పడుతుంది. కూలీ లేచి తిరుగుతున్నాడు కదా అని మూడవ రోజే మళ్ళీ ట్యాంకు ఎత్తిస్తే, ఈసారి కొద్ది మందుకే పడిపోతాడు. ఆ రోజులలో అతనికి కలుపో, గట్టు పనో అప్పగించండి. మంచము పట్టిన దినాలకు కూలి ఇవ్వడము గురించి యాకోబు 5:4 చదివి, స్త్రీల సమాజములోను పురుషుల కూటములోను మాట్లాడుకొనండి.