బులెటిను బోర్డు తపాలా: ఏర్పాటులను సులభము చేయు విధము

ఉత్తరమును చదువుటకు తపాలా కచేరి కిటికీయొద్దనే గంటసేపు నిలుచువాడు లేడు. దానిని తీసికొని యింటికి పోయి, తీరికగా చదివి, ప్రత్యుత్తరము వ్రాసి, మరునాడు పెట్టెలో వేయుట లోకవాడుక. కంప్యూటరు బులెటిను బోర్డులయందలి ఆఫ్‌లైను మెయిలు అను పద్ధతికి ఈ వాడుకయే మూలము.

1978వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీన అమెరికాలోని చికాగో నగరమందు వార్డ్ క్రిస్టెన్సెన్, రాండీ స్యూస్ అను నిరువురు మొదటి బులెటిను బోర్డును నెలకొల్పిరి. అది మోడెము అను పరికరముద్వారా టెలిఫోను తీగకు కలుపబడిన యొక చిన్న కంప్యూటరు. దూరముననున్నవారు తమ యంత్రములనుండి ఫోను చేసి, అందలి ప్రకటనలు చదివి, తమవి వ్రాయుచుండిరి. తీగ యొక్కటియే గనుక ఒక వేళ నొక్కరికే ప్రవేశము. ఒకరు చదువుచు కూర్చున్నంతసేపు ఇతరులు వేచియుండవలసినదే. దూరపు ఊళ్లవారికి నిమిషమునకింత యని ఖర్చు కూడ తగులుచుండెను.

ఈ యిబ్బందిని తీర్చుటకు 1987లో మార్క్ హెరింగ్ అను నతడు క్యు.డబ్ల్యు.కె. అను మూట రూపమును కల్పించెను. దీనియందు బోర్డు క్రొత్త సందేశములనన్నిటిని ఒక ఫైలులో చేర్చి, కుదించి, చదువరికి పంపును. అతడు ఫోను పెట్టివేసి, తన యంత్రముననే చదివి, జవాబులు వ్రాయును. ఆ జవాబులు మఱియొక మూటగా తరువాతి పిలుపులో బోర్డును చేరును.

దీనివలని లాభమును లెక్కించి చూతము. సెకనునకు 2400 బిట్లు పంపు మోడెము, అక్షరమునకు పది బిట్ల చొప్పున, సెకనునకు 240 అక్షరములు పంపును. సందేశములన్నియు కలిసి 72,000 అక్షరములైనచో 300 సెకనులు, అనగా 5 నిమిషములు పట్టును. కుదించుటచే సగమైనచో రెండున్నర నిమిషములే చాలును. వానినే తీగమీద నిదానముగా చదివినచో గంటకు తక్కువ కాదు.

అయితే ఈ లాభము కొన్ని ఏర్పాటులమీద ఆధారపడియున్నది. ఏ విషయశాఖల సందేశములు మూటలో చేరవలెను? తాను వ్రాసినవి కూడ రావలెనా? మూటను ఏ రీతిగా కుదింపవలెను? వీనిని నిర్ణయించు పుట మూడు నాలుగు మెనూల చాటున దాగియున్నచో, క్రొత్తవాడు తీగమీద డబ్బు వెచ్చించుచు దానికై వెదకవలెను. అది దొరకక, ఉన్నది ఉన్నట్లు తీసికొన్నచో, అక్కరలేని శాఖలన్నియు వచ్చిపడును. లేదా మూట అతని యంత్రమున విప్పుటకు రాదు. అప్పుడతడు విసిగి, మునుపటివలె తీగమీదనే చదువనారంభించును. ఎవని మేలుకొఱకు ఈ పద్ధతి పుట్టినదో వానికే అది అందకపోవును.

కావున బోర్డు నిర్వాహకుడు నాలుగు పనులు చేయవలెను. మొదటిది, మూట తీసికొను మెనూలోనే ఏర్పాటులకు ఒక్క మీట యుంచుట. రెండవది, అన్ని ఏర్పాటులను ఒకే పుటమీద, ఇప్పుడెట్లున్నవో తెలియునట్లు, సులభమైన మాటలతో చూపి, ఒకమాఱు మార్చినదానిని మరుసటి పిలుపువరకు జ్ఞాపకముంచుట. మూడవది, మూట పంపుటకు ముందే సందేశములెన్నియో, ఎన్ని నిమిషములు పట్టునో తెలుపుట. నాలుగవది మిక్కిలి ముఖ్యము: మూట పూర్తిగా చేరిన పిమ్మటనే ఆ సందేశములను చదివినవానిగా గుర్తించుట. నడుమ తీగ తెగినను గుర్తు ముందుకు జరిగిపోయినయెడల, ఆ సందేశములు తరువాతి మూటలో రావు. తనకు వచ్చిన యుత్తరము సంగతియే చదువరికి తెలియకపోవచ్చును.

1990వ దశకమున ఇంటర్నెట్ విస్తరించిన పిదప ఈ బోర్డులలో పెక్కు మూతపడెను. కొన్ని మాత్రము నేటికిని ఇంటర్నెట్ మార్గమున నడుచుచున్నవి. అయినను విద్యార్థులారా, వీనివలన నేర్వదగిన పాఠము పాతబడలేదు. సదుపాయమును కల్పించుట సగము పని. కావలసినవాని చేతికి అందునట్లు దానిని అమర్చుట మిగిలిన సగము. మీరు రేపు ఒక యంత్రమునే చేసినను, గ్రంథాలయపు పట్టికనే వ్రాసినను, దానిని మొదటిసారి చూచువాని స్థానమున నిలిచి, అతడు ఎన్ని తలుపులు తట్టవలసివచ్చునో లెక్కించుడు.