జమాఖర్చు అడిగే హక్కు

జకాత్, సదఖా ఇచ్చిన దాతలకు మేము ఏటా జమాఖర్చులు చూపుతాం. ఏ పద్దుకు ఎంత ఖర్చయిందో మీరు అడుగుతారు. అడగాలి కూడా; అమానతు పుచ్చుకున్నవారు లెక్క చెప్పవలసిందే. మన ఓటు కూడా అమానతే. మరి ఓటు పుచ్చుకున్నవారిని ఇలాగే అడుగుతున్నామా?

పాతబస్తీ గొంతు చట్టసభల్లో వినిపించడం చిన్న విషయం కాదు. హైదరాబాద్ లోక్‌సభ స్థానానికి 1984 నుంచి 2004 వరకు సుల్తాన్ సలాహుద్దీన్ ఒవైసీ, ఆ తర్వాత అసదుద్దీన్ ఒవైసీ ప్రాతినిధ్యం వహించారు. మన బాధలు తెలిసిన మనిషి సభలో లేచి మాట్లాడితే మనకు ధైర్యం. అయితే మనవాడన్న గుర్తింపుతోనే పని పూర్తి కాదు. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఫలక్‌నుమా దాకా రావలసిన మెట్రో 2020లో ఎంజీబీఎస్ దగ్గర ఆగింది. మిగిలిన మార్గానికి శంకుస్థాపన 2024 మార్చిలో గాని జరగలేదు. తప్పు ఒక్కరిదే అని మేము అనం. ఈ మధ్యకాలంలో మనం ఎన్నిసార్లు అడిగామన్నదే మా ప్రశ్న.

2023 అసెంబ్లీ ఎన్నికల్లో యాకుత్‌పురాలో గెలుపోటముల మధ్య తేడా 878 ఓట్లు. అంటే కొన్ని గల్లీల ఓట్లు. అక్కడ సగం మంది కూడా ఓటు వేయలేదు. ఒక్క ఓటుతో ఏమవుతుందనే వారికి ఇదే జవాబు.

ఓటు వేశాక అడిగే దారులూ ఉన్నాయి. అభ్యర్థి నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్‌లో ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు ఉంటాయి, ఎవరైనా చూడవచ్చు. ఎంపీ తన నియోజకవర్గంలో ఏడాదికి 5 కోట్ల రూపాయల పనులను సిఫారసు చేయవచ్చు. మన బస్తీకి ఏం వచ్చిందో అడగవచ్చు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు చేసుకోవచ్చు.

దాతలకు ఈ మాట ఎందుకంటే, సర్కారు బడికి మీ సొమ్ముతో బెంచీలు కొంటాం, తాగునీరు పెడతాం. అవి పన్ను సొమ్ముతో రావలసినవి. పిల్లలు ఎదురుచూడలేరు కనుక మనం ఇస్తాం. కానీ మన దానం ప్రభుత్వ బాధ్యతను మాఫీ చేయకూడదు.

హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖలీఫా అయినప్పుడు, తాను సరిగా నడిస్తే సహకరించమని, తప్పితే సరిదిద్దమని ప్రజలను కోరారు. కాబట్టి నాయకుణ్ణి లెక్క అడగడం ద్రోహం కాదు, మన బాధ్యత. ఈ ఏడాది చందాతో పాటు ప్రతి దాతా తన బస్తీ బడి కోసమో, నాలా కోసమో ఒక్క దరఖాస్తు పెట్టాలని మా మనవి. రాయడం తెలియనివారికి మా ఉపాధ్యాయులం రాసిపెడతాం.