రీస్టార్ట్ చేసే ముందు లాగ్ చూడండి

లినక్స్ అడ్మిన్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఒక ప్రశ్న తరచూ ఎదురవుతుంది. 'కస్టమర్ సైట్ తెరిస్తే 502 ఎర్రర్ వస్తోంది. ముందు ఏం చేస్తారు?' ఫ్రెషర్లలో చాలామంది తడుముకోకుండా 'సర్వీస్ రీస్టార్ట్ చేస్తాను' అంటారు. రీస్టార్ట్‌తో సైట్ లేచిన సందర్భాలు బోలెడు. అయినా ఆ జవాబుకు మార్కులు పడవు. ఎందుకు పడిపోయిందో తెలుసుకోకుండా లేపిన సర్వీస్ గంటలోనో, అర్ధరాత్రో మళ్లీ పడిపోతుంది. 'ముందు సర్వీస్ స్టేటస్ చూస్తాను, తర్వాత ఎర్రర్ లాగ్‌లో చివరి లైన్లు చదువుతాను' అన్న అభ్యర్థి వైపే ప్యానెల్ మొగ్గుతుంది. కమాండ్‌లు కొన్ని వారాల్లో వచ్చేస్తాయి. చదివి, ఆలోచించి, ఆ తర్వాతే చెయ్యి పెట్టే అలవాటు పట్టుబడటానికి మాత్రం నెలలు పడుతుంది. ఉద్యోగం వచ్చాక చూసుకుందాంలే అనుకోకుండా ఆ నెలలు ఇప్పుడే వెచ్చించాలి.

హోస్టింగ్ సపోర్ట్‌లోకి రావడానికి బీటెక్ కంప్యూటర్ సైన్సే చదివి ఉండాలన్న నియమమేమీ లేదు. బీఎస్సీ, బీకామ్ కంప్యూటర్స్, పాలిటెక్నిక్ చేసినవాళ్లూ తొలి స్థాయి (ఎల్‌1) సపోర్ట్‌లో చేరి పైకి వస్తుంటారు. కోడింగ్ రాదని బెంగపడే విద్యార్థికి ఐటీలో ఇదొక నిజమైన దారి. అయితే చదవడమంటే బద్ధకం ఉన్నవాళ్లకు ఈ దారి కుదరదు. ఇక్కడ రోజంతా చదవాల్సిందే. అదీ ఇంగ్లిష్‌లో, సన్నటి అక్షరాల్లో, వేల లైన్లు.

హోస్టింగ్ సర్వర్‌లో ఏముంటుందో ముందు తెలియాలి. బ్రౌజర్ అడిగిన పేజీని పంపే వెబ్ సర్వర్ ఒకటి: 1995లో వచ్చిన అపాచీ గానీ, రష్యా ఇంజినీర్ ఇగోర్ సిసోయెవ్ 2004లో విడుదల చేసిన ఎన్‌జింక్స్ గానీ. దాని వెనక పీహెచ్‌పీ, ఆ వెనక మైఎస్‌క్యూఎల్ లేదా మరియాడీబీ డేటాబేస్. పక్కన మెయిల్, డీఎన్ఎస్, ఎఫ్‌టీపీ. ఇవన్నీ సర్వీసులే. నేటి లినక్స్ రకాల్లో అత్యధికం వీటిని సిస్టమ్‌డీ ద్వారా నడుపుతాయి. ఇక్కడ కొత్తవాళ్లు తికమకపడే జంట ఒకటుంది: 'స్టార్ట్', 'ఎనేబుల్'. స్టార్ట్ అంటే సర్వీసును ఇప్పుడు లేపడం. ఎనేబుల్ అంటే సర్వర్ రీబూట్ అయిన ప్రతిసారీ తనంతట తానే లేచేలా చేయడం. మొదటిది చేసి రెండోది మరిచిపోతే, సర్వర్ రీబూట్ అయ్యేదాకా అంతా బాగానే కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ 502 సంగతి దగ్గర నుంచి చూద్దాం. ఒక కోచింగ్ సంస్థ తన సైట్‌లో మోడల్ టెస్ట్ ఫలితాలు పెట్టిందనుకోండి. ఉదయం పదింటికి లింకు తెరిచారు. పిల్లలు, తల్లిదండ్రులు అందరూ ఒకేసారి హాల్ టికెట్ నంబర్ కొడుతున్నారు. కాసేపటికే కొందరికి 502, మరికొందరికి 504. ఆ ఫిర్యాదు సపోర్ట్ టికెట్‌గా మీ చేతికొచ్చింది. ఎన్‌జింక్స్ స్టేటస్ చూస్తే 'యాక్టివ్' అని పచ్చగా ఉంది. పీహెచ్‌పీ ప్రాసెస్‌లను నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం కూడా అంతే. అంటే ఏ సర్వీసూ పడిపోలేదు. రీస్టార్ట్ చేసినా నిమిషంలో మళ్లీ అదే పరిస్థితి. ఎన్‌జింక్స్ ఎర్రర్ లాగ్ తెరిస్తే, అప్‌స్ట్రీమ్‌కు కనెక్ట్ కాలేకపోయానంటూ 'రిసోర్స్ టెంపరరీలీ అన్‌అవెయిలబుల్' అని వరసగా లైన్లు. ఇక్కడ అప్‌స్ట్రీమ్ అంటే పీహెచ్‌పీ. కాబట్టి దాని లాగ్ తెరవాలి. అక్కడ హెచ్చరిక సూటిగా ఉంటుంది: 'మ్యాక్స్ చిల్డ్రన్' సెట్టింగ్ 5కు చేరుకున్నాం, పెంచే ఆలోచన చేయండి అని. ఉబుంటు, డెబియన్‌లలో పీహెచ్‌పీతో పాటు వచ్చే ఫైల్‌లో ఆ అంకె 5 అనే ఉంటుంది. ఏ క్షణంలోనైనా ఐదుగురికే పని జరుగుతోంది. మిగతావాళ్లంతా క్యూలో ఉన్నారు.

లాగే చెప్పింది కదా అని 5ను 100 చేసేయవచ్చా? ఒక్కో పీహెచ్‌పీ ప్రాసెస్ 60 ఎంబీ తీసుకుంటోందనుకుంటే వందకు 6,000 ఎంబీ. సర్వర్‌లో ఉన్న ర్యామ్ 4 జీబీ. మెమరీ అడుగంటినప్పుడు లినక్స్ కెర్నల్ సిస్టమ్‌ను కాపాడుకోవడానికి ఒక ప్రాసెస్‌ను చంపేస్తుంది. ఎక్కువ మెమరీ వాడేదాని మీదే ముందు చూపు పడుతుంది. హోస్టింగ్ సర్వర్‌లో అది తరచూ డేటాబేసే అవుతుంది. అప్పటిదాకా కొందరికైనా తెరుచుకున్న సైట్ ఇప్పుడు ఎవరికీ తెరుచుకోదు. అందుకే ముందు కాగితం మీద లెక్క వేయాలి. డేటాబేస్‌కు 1 జీబీ, ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మిగతా సర్వీసులకూ అర జీబీ తీసేస్తే మిగిలేది 2.5 జీబీ. దాన్ని 60 ఎంబీతో భాగిస్తే నలభై చిల్లర. కొంత వెసులుబాటు ఉంచి 35 పెడతారు. అసలు ప్రశ్న అప్పటికీ మిగిలే ఉంది: ఒక్కో ప్రాసెస్ అంతసేపు ఎందుకు ఇరుక్కుపోతోంది? డేటాబేస్‌లో స్లో క్వెరీ లాగ్ ఆన్ చేస్తే, హాల్ టికెట్ నంబర్ వెతికే క్వెరీ ఒక్కొక్కటి మూడేసి సెకన్లు తింటున్నట్టు బయటపడుతుంది. ఆ కాలమ్‌కు ఇండెక్స్ లేదు. ఒక్క విద్యార్థి మార్కుల కోసం టేబుల్ మొత్తం గాలిస్తోంది. ఇండెక్స్ వేయడం డెవలపర్ పని కావచ్చు. ఆధారం తీసి చూపించాల్సింది మీరే. ఈ వరుసను ఇంటర్వ్యూలో ఇంత వివరంగా చెప్పగలిగితే మీ సర్టిఫికెట్ల గురించి ఎవరూ పెద్దగా అడగరు.

యాక్సెస్ లాగ్ చదవడం వేరే నైపుణ్యం. ప్రతి లైన్‌లో ఐపీ చిరునామా, సమయం, అడిగిన పేజీ, స్టేటస్ కోడ్, పంపిన బైట్లు, బ్రౌజర్ వివరం ఉంటాయి. వర్డ్‌ప్రెస్ సైట్ లాగిన్ పేజీకి ఒకే ఐపీ నుంచి రాత్రంతా వేల రిక్వెస్ట్‌లు వచ్చాయనుకోండి. అన్నింటికీ 200 అని ఉంది. 200 అంటే 'ఓకే' కదా అని వదిలేయకూడదు. వర్డ్‌ప్రెస్‌లో పాస్‌వర్డ్ తప్పు కొడితే అదే పేజీ మళ్లీ వస్తుంది, లాగ్‌లో 200 పడుతుంది. పాస్‌వర్డ్ సరిపోతే డాష్‌బోర్డ్‌కు మళ్లిస్తుంది, 302 పడుతుంది. ఆ వేల 200ల మధ్య ఎక్కడో ఒక్క 302 కనిపించిందంటే సైట్ చేయిజారినట్టే అనుకుని కదలాలి. సమయం దగ్గర కూడా జాగ్రత్త. చాలా సర్వర్లు యూటీసీలో నడుస్తాయి. లాగ్‌లో 21:40 అని ఉంటే మన గడియారంలో అది మర్నాడు తెల్లవారుజామున 3:10. కస్టమర్ చెప్పిన సమయానికి లాగ్‌లో ఏమీ లేదని టికెట్ మూసేసే ముందు ఈ ఐదున్నర గంటల తేడా గుర్తుకు రావాలి.

డిస్క్ నిండిపోవడం ఈ వృత్తిలో నిత్యకృత్యం. నలభై జీబీల లాగ్ ఫైల్ కనపడగానే డిలీట్ కొడతారు. అయినా ఖాళీ జాగా పెరగదు. ఆ ఫైల్‌ను సర్వీస్ ఇంకా తెరిచి పట్టుకుని ఉంటుంది గనక పేరు పోయినా జాగా విడుదల కాదు. సర్వీసును రీలోడ్ చేసి లాగ్ ఫైల్ మళ్లీ తెరిపించాలి. అసలు డిలీట్ చేయకుండా ఫైల్‌ను ఖాళీ చేయడం ఇంకా మేలు. లాగ్‌రొటేట్ సరిగ్గా అమర్చి ఉంటే ఈ బెడద దాదాపు ఉండదు. ఇంకో చిక్కు: జాగా ఉన్నా 'డిస్క్ నిండింది' అనే ఎర్రర్ వస్తే ఐనోడ్‌లు (ఫైల్‌కు ఒకటి చొప్పున ఖర్చయ్యే నమోదులు) అయిపోయాయేమో చూడాలి. లక్షల చిన్న ఫైళ్లు పేరుకుపోయిన మెయిల్, సెషన్ ఫోల్డర్లు దీనికి సాధారణ కారణం.

కాన్ఫిగ్ ఫైళ్ల విషయంలో మాత్రం తొందరపాటుకు తావే లేదు. మార్చే ముందు తేదీ పేరుతో కాపీ తీయాలి. ఒకసారి ఒకే మార్పు చేయాలి. సింటాక్స్ పరీక్షించే కమాండ్ అపాచీకీ, ఎన్‌జింక్స్‌కూ ఉంది. అది ఓకే అన్నాకే రీలోడ్. ఒక సెమికోలన్ మరిచిపోయి రీలోడ్ కొడితే ఎన్‌జింక్స్ పాత కాన్ఫిగ్‌తోనే నడుస్తూ ఉంటుంది. అదే తప్పుతో రీస్టార్ట్ కొడితే ఆగిపోయి మళ్లీ లేవదు. షేర్డ్ సర్వర్ అయితే దాని మీదున్న వందల సైట్లూ ఒక్కసారే పోతాయి. సీప్యానెల్ ఉన్న సర్వర్‌లో అపాచీ ప్రధాన ఫైల్‌ను చేత్తో మార్చినా ఫలితం నిలవదు. సీప్యానెల్ ఆ ఫైల్‌ను మళ్లీ తయారు చేసినప్పుడు మీ మార్పు తుడిచిపెట్టుకుపోతుంది. దానికి విడిగా ఇన్‌క్లూడ్ ఫైళ్లున్నాయి, వాటిలోనే రాయాలి.

ఈ వృత్తిలోకి రావాలనుకునే ప్రతి ఒక్కరూ గిట్‌ల్యాబ్ సంస్థ 2017లో ప్రచురించిన నివేదిక చదవాలి. ఆ ఏడాది జనవరి 31 రాత్రి ఒక ఇంజినీర్ రెండో డేటాబేస్ సర్వర్‌లో అనుకుని అసలు సర్వర్‌లోనే డేటా ఫోల్డర్‌ను డిలీట్ చేశారు. పొరపాటు సెకన్లలోనే తెలిసింది, అప్పటికే దాదాపు 300 జీబీ పోయింది. బ్యాకప్‌లు చూస్తే అవీ సరిగ్గా పనిచేయడం లేదు. చివరికి సుమారు ఆరు గంటల ముందు తీసిన కాపీతో నెట్టుకొచ్చారు. ఆ సంస్థ జరిగింది దాచలేదు, వ్యక్తి మీద నెట్టేయలేదు. ఏయే పద్ధతులు విఫలమయ్యాయో ఒక్కొక్కటీ రాసి పెట్టింది. ఎంటర్ నొక్కే ముందు ప్రాంప్ట్‌లో సర్వర్ పేరు చదవడం, బ్యాకప్‌ను అప్పుడప్పుడూ నిజంగా రీస్టోర్ చేసి చూడటం ఎందుకు అవసరమో ఆ నివేదిక కంటే బాగా ఏ కోర్సూ నేర్పలేదు.

మన దేశంలో లాగ్‌లకు చట్టపరమైన బరువు కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ సిస్టమ్‌ల లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, నిర్దేశించిన సైబర్ ఘటనలను గుర్తించిన ఆరు గంటల్లోపు తెలియజేయాలి. అందుకే జాగా కోసం లాగ్‌లు తుడిచేయడం అడ్మిన్ సొంతంగా తీసుకునే నిర్ణయం కాదు. మరో మాట. లాగ్‌లో జనం ఐపీలు, కొన్నిసార్లు ఈమెయిళ్లు ఉంటాయి. కాన్ఫిగ్ ఫైళ్లలో డేటాబేస్ పాస్‌వర్డ్‌లుంటాయి. సాయం కోసం వాటిని యథాతథంగా వాట్సాప్ గ్రూపుల్లోనో, ఏఐ చాట్‌లోనో పెట్టేయడం ఈ మధ్య మామూలైపోయింది. ఆ వివరాలు చెరిపేశాకే పంపండి.

అభ్యాసానికి ఖర్చు అక్కర్లేదు. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేసి ఉబుంటు ఒకటి, ఆల్మాలినక్స్ ఒకటి పెట్టుకోండి. సెంటాస్ 7కు మద్దతు 2024 జూన్ 30తో ముగిసింది గనక పాత నోట్సులో అది కనిపిస్తే ఆల్మా లేదా రాకీ వాడండి. వర్డ్‌ప్రెస్ సైట్ నిలబెట్టండి. ఆ తర్వాత కావాలని పాడుచేయండి: సెమికోలన్ తీసేయండి, డేటాబేస్ ఆపేయండి, ఫోల్డర్ పర్మిషన్లు మార్చండి, పెద్ద డమ్మీ ఫైల్‌తో డిస్క్ నింపేయండి. ప్రతిసారీ బ్రౌజర్‌లో ఏం కనిపించింది, ఏ లాగ్‌లో ఏ లైన్ వచ్చింది, కారణమేంటి, ఏం మార్చారు అన్నది నోట్‌బుక్‌లో రాయండి. స్నేహితుడితో పాడుచేయించి మీరు బాగుచేస్తే ఇంకా మంచిది. అమీర్‌పేటలో కోర్సు చేరినా ఈ పని మాత్రం ఇంట్లో మీరే చేయాలి.

సర్టిఫికేషన్ తీసుకుంటే రెడ్‌హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏకు నా ఓటు. అందులో ఆబ్జెక్టివ్ ప్రశ్నలుండవు, ఇచ్చిన సిస్టమ్ మీద పని చేసి చూపాలి. ఇంటర్నెట్ ఉండదు, సిస్టమ్‌లోని మాన్యువల్ పేజీలే దిక్కు. మీ మార్పులు రీబూట్ తర్వాత కూడా నిలిస్తేనే మార్కులు. తర్వాత యాన్సిబుల్, క్లౌడ్ నేర్చుకుంటే డెవాప్స్, ఎస్‌ఆర్‌ఈ ఉద్యోగాలకు దారి తెరుచుకుంటుంది.

జాబ్ పోర్టల్స్‌లో 'లినక్స్ సపోర్ట్ ఇంజినీర్', 'సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్', 'హోస్టింగ్ సపోర్ట్', 'ఎన్ఓసీ ఇంజినీర్' అనే పేర్లతో వెతకండి. విదేశీ కస్టమర్లున్న చోట నైట్ షిఫ్ట్ ఉంటుంది. ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఇంటర్వ్యూ చివర్లో మీరు అడగాల్సినవీ కొన్నున్నాయి. షిఫ్ట్‌లు ఎన్నాళ్లకోసారి మారుతాయి? రాత్రి పెద్ద సమస్య వస్తే పిలవడానికి సీనియర్ ఎవరు అందుబాటులో ఉంటారు? కొత్తవాళ్లకు మొదటి రోజే లైవ్ సర్వర్ రూట్ పాస్‌వర్డ్ ఇస్తారా, కొన్నాళ్లు టెస్ట్ సర్వర్ మీద పని చేయిస్తారా? రెండు ఆఫర్లు చేతిలో ఉండి జీతంలో పెద్ద తేడా లేకపోతే, టెస్ట్ సర్వర్ ఇచ్చే కంపెనీలో చేరండి.