ముందు ఆ షోకేసు తలుపు తియ్యి

మాధవీ,

తాతగారి ఆంప్లిఫయర్, స్పీకర్లు, రికార్డులు విశాఖలో మీ ఇంటికి క్షేమంగా చేరాయని చదివి ప్రాణం కుదుటపడింది. దుమ్ము పడకుండా ఆంప్లిఫయర్‌ని అద్దాల షోకేసులో పెట్టి తలుపు వేశానన్నావు. ముందు ఆ తలుపు తియ్యమ్మా.

ఆంప్లిఫయర్ లాక్కునే కరెంటులో చాలా భాగం వేడిగానే పోతుంది. మూత మీద చీలికలున్నది ఆ వేడి బయటపడడానికే. లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో ద్రవం ఉంటుంది, వేడికి అది మెల్లగా ఎండిపోతుంది. 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగమవుతుందని లెక్క. అందుకని పైనా పక్కలా జానెడు ఖాళీ వదులు. నెత్తిన ఇంకో పెట్టె పెట్టకు. లేసు గుడ్డ కప్పితే ఆన్ చేసేముందు తీసెయ్యి.

విశాఖ గాలిలో తేమ ఏడాదిలో చాలా రోజులు 70 శాతం దాటుతుంది, పైగా ఉప్పుగాలి. జాక్‌లకు చిలుము పడుతుంది, వాల్యూం నాబ్ తిప్పితే బరబరమంటుంది. కంగారుపడకు. స్విచ్చి కట్టేసి నాబ్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి పాతిక సార్లు తిప్పు, చాలాసార్లు అంతటితో సర్దుకుంటుంది. మూత మాత్రం నువ్వు విప్పకు. ప్లగ్గు పీకాక కూడా పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

ముసురు పట్టిన రోజుల్లో రోజు విడిచి రోజైనా గంటసేపు పాట పెట్టు. ఇందాక తిట్టుకున్న వేడే అప్పుడు లోపలి చెమ్మను తోలేస్తుంది. వాడే సెట్ల కన్నా భద్రంగా దాచిన సెట్లే ఎక్కువ పాడవడం నేను చూశాను. ఏసీ మంచిదే, గాలిని పొడిగా ఉంచుతుంది. కానీ చల్లబడ్డ సెట్టును ఉక్కపోతలోకి తెస్తే, ఏసీ కారు దిగగానే కళ్లద్దాలకు పట్టినట్టే లోపల ఆవిరి పడుతుంది. రెండు మూడు గంటలు ఆగి ఆన్ చెయ్యి.

ఎల్పీలు ఎండ పడని చోట నిలబెట్టి ఉంచు, పడుకోబెడితే వంగిపోతాయి. బూజు తుడిచేటప్పుడు పాత 78 ఆర్‌పీఎం రికార్డులకు మాత్రం స్పిరిటు తగలనివ్వకు. అవి లక్కతో చేసినవి, స్పిరిటులో లక్క కరుగుతుంది. అల్మారాలో సిలికా జెల్ సంచులు వేసి, అప్పుడప్పుడు మారుస్తూ ఉండు.

నాకు ఎక్కువ బెంగ స్పీకర్ల మీదే. ముందున్న జాలీ తీసి, కోను చుట్టూ ఉన్న అంచును వేలికొసతో మెల్లగా తాకు. రబ్బరైతే ఫరవాలేదు. ఫోమ్ అయితే తేమకు ఏళ్ల తరబడి చివికి ఉంటుంది, వేలికి జిగురుగా అంటుకుంటుంది, లేదా నలుసులుగా రాలుతుంది. అలా ఉంటే పాట పెట్టకు, కోను పక్కకు ఒరిగి లోపలి కాయిల్ రాసుకుపోతుంది. అంతమాత్రాన స్పీకర్ పోయినట్టు కాదు, అంచు ఒక్కటే మార్పించవచ్చు. కోను వ్యాసం మిల్లీమీటర్లలో కొలిచి, వెనకున్న మోడల్ నంబరుతో సహా రాసి పంపు. సరిపోయే అంచు నేను వెతికి పెడతాను.

పెదనాన్న