పాత అంకెలు చూసి భయపడాలా?

ప్రశ్న: మా అబ్బాయికి న్యూజెర్సీలోని క్యామ్డెన్‌లో రట్గర్స్ యూనివర్సిటీ సీటు వచ్చింది. అది అమెరికాలోనే ప్రమాదకరమైన ఊరని చదివాం. పంపొచ్చా?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు చదివింది అబద్ధం కాదు, పాతది. 2012లో సుమారు 77 వేల జనాభా ఉన్న ఆ ఊళ్లో 67 హత్యలు జరిగాయి. 2013లో నగర పోలీసు శాఖను రద్దుచేసి బాధ్యతను కౌంటీకి అప్పగించారు. 2024లో హత్యలు ఇరవై లోపే. కేసులు రాసుకోకుండా తగ్గించి చూపారేమో అనొచ్చు. దొంగతనాల్లో అది సాధ్యమే కానీ, హత్యను దాచడం కష్టం. అందుకే నేను ముందు ఆ లెక్కే చూస్తాను. ఘనతంతా కొత్త పోలీసులదే అనడమూ తొందరపాటే, 2022 నుంచి దేశమంతటా హత్యలు తగ్గాయి. అయినా జనాభా లెక్కన క్యామ్డెన్ ఇప్పటికీ జాతీయ సగటుకు కొన్ని రెట్లు ఎక్కువే. చిన్న ఊళ్లో నాలుగు హత్యలు పెరిగినా శాతం అమాంతం ఎగుస్తుంది కాబట్టి ఒక్క ఏడాదిని నమ్మకండి, ఐదేళ్ల వరస చూడండి.

పైగా కాల్పులు సాధారణంగా కొద్ది వీధుల్లోనే పోగుపడతాయి, ఊరి సగటు మీవాడు ఉండబోయే వీధి సంగతి చెప్పదు. అమెరికా చట్టం ప్రకారం యూనివర్సిటీలు ఏటా అక్టోబర్ 1లోగా మూడేళ్ల నేరాల లెక్క ప్రచురించాలి, అది చదవండి. అద్దె తక్కువని తెలియని వీధిలో గది తీసుకోవద్దని, ముందు సీనియర్లను అడగమని చెప్పండి. బెదిరింపు వస్తే క్యాంపస్ పోలీసులకు, ప్రాణాపాయమైతే వెంటనే 911కు ఫోన్ చేయాలి. పాస్‌పోర్టు పోతే న్యూయార్క్‌లోని భారత కాన్సులేట్‌ను సంప్రదించాలి.